కోడ్‌లో లేని వారం

గంగాధరప్ప సారు అద్దాల గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళారు. బెంగళూరుకు ఫోన్ చేసి కనుక్కుని వస్తానమ్మా, మీరు ఇక్కడే కూర్చోండి అన్నారు. ఇక్కడ కాక ఇంకెక్కడ కూర్చుంటాను మహానుభావా, ఈ పక్షం రోజులుగా అనంతపురంలో ఈ బ్యాంకులో ఈ చెక్కబల్ల మీద కాక నేను ఎక్కడ కూర్చున్నాను గనక, దీని మీద ఏ మేకు ఎక్కడ పైకి లేచిందో నా చీరకు తెలుసు. పక్కన మా అత్త హనుమక్క. వద్దంటే విన్నదా? మామ పోయినప్పటి నుంచి పసుపూ పువ్వూ లేకపోయినా శుక్రవారం దీపం మాత్రం మానని మనిషి, పొద్దున్నే తలకు పోసుకుని, దీపం పెట్టి, నాకంటే ముందు బస్సెక్కి కూర్చుంది. ఏం చేస్తాను, కన్నది ఆమె. సౌదీలో జైల్లో ఉన్న గిరి ఆమెకు కొడుకు, నాకు మొగుడు. మేము పంపిన డబ్బును గిరి చేతిలో చనిపోయిన పిల్లవాడి తండ్రి ఉంచుకుంటే గిరిని క్షమించినట్టు. తిప్పి పంపితే క్షమించనట్టు, ఆ దేశంలో ప్రాణానికి ప్రాణమే లెక్క గనక ఇక గిరి లేనట్టు. లోపల సారు ఫోన్‌లో అడుగుతున్నది ఆ ఒక్క ముక్కే. ఉంచుకున్నాడా, తిప్పాడా.

ఫోన్ తగలడం లేదేమో, మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నారు. అద్దంలోంచి ఆయన బట్టతల కనిపిస్తోంది, భుజం కనిపిస్తోంది, మొహం మాత్రం కనిపించదు, అటు తిరిగి కూర్చున్నారు. ఇటు తిరిగి కూర్చుంటే ఈయన సొమ్మేం పోయేదో. నా నోట్లో డబ్బు పంపిన ఆ కోడ్ ఆడుతూనే ఉంది. ఇంకొకరైతే రామా కృష్ణా అనుకుంటారు, నేను ఇంగ్లీషు అక్షరాలు అనుకుంటున్నాను, ఐదో తరగతిలో నేర్చుకుని మళ్ళీ ఎందుకూ పనికిరాని ఆ అక్షరాలు ఇన్నాళ్ళకు పనికొచ్చాయి, పనికొచ్చిన పని ఇది. రియాద్ నుంచి ఆ మలయాళం సారు, మనవాళ్ళు జైళ్ళలో పడితే వెళ్ళి చూసివచ్చే పుణ్యాత్ముడు, ఫోన్‌లో ఒక్కొక్క అక్షరమే చెప్తే ఒక్కొక్కటే రాసుకుని తీసుకొచ్చాను. గంగాధరప్ప సారు కళ్ళజోడు పైకి నెట్టుకుని చూసి, అదేంటో నాకు అర్థమయ్యేదాకా చెప్పారు, అది మాత్రం చెప్పుకోవాలి, విసుక్కోలేదు. “దీన్ని స్విఫ్ట్ కోడ్ అంటారమ్మా. మొదటి నాలుగక్షరాలు యా బ్యాంకో చెప్తాయి. ఆ పక్క రెండు యా దేశమో, ఇదో ఎస్, ఏ, అంటే సౌదీ. ఆ పక్క రెండు ఊరు, ఆర్, ఐ, రియాద్. కడాన మూడు యా బ్రాంచో. మనూర్లో కొత్త మనిషి బస్సు దిగితే ఏమడుగుతాం? యెవరింటోళ్ళు, యా సీమ, యా ఊరు, యా వీధి అని అడగమా? అంతే ఇది కూడా.” ఒక్క అక్షరం తప్పితే ఏమవుతుంది సార్ అంటే, దుడ్లు వేరే ఊరికన్నా పోతాయి, దావ తెలీక మధ్యలోనన్నా నిలబడిపోతాయి అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అదే భయం. ఉన్న ఒక్క మడిచెక్క అమ్మిన డబ్బు ఏ దేశంలోనో నడివీధిలో నిలబడి ఎవరింటికి పోవాలో తెలియక బిక్కమొహం వేసుకున్నట్టు కళ్ళకు కట్టేది. అక్షరాలు మళ్ళీ చూసుకునేదాన్ని. మళ్ళీ సారుకు చూపించేదాన్ని.

మరి మా ఊరి కోడ్ ఏది సార్ అని అడిగాను. నవ్వారు. “మీ ఊరికి యాడిదమ్మా, ఈ బ్యాంకుకే లేదు. బెంగళూర్లో పెద్ద బ్రాంచికి ఉండాది. మన దుడ్లు ఆడికి పోయి, ఆడినుంచి పోవాల్సిందే.” పోనీ అక్కడి నుంచి తిన్నగా సౌదీకి పోతుందా అంటే అదీ లేదు, డాలర్లు గనక అమెరికా మీదుగా పోవాలట. కదిరికి పోవాల్సినవాడు గుంతకల్లు మీదుగా పోయినట్టు. ఏం రాత ఇది. కరువు జిల్లా అని పేపర్లో వేయడానికి మా పేరు అందరికీ తెలుసు, ఢిల్లీ నుంచి జీపులేసుకుని వచ్చి ఎండిన చెనక్కాయ చెట్టు పీకి ఫొటో తీయించుకుని పోవడానికి దావ తెలుసు, మా ప్రాణం మీదికి వచ్చి నాలుగు రూకలు పంపుకుందామంటే మాత్రం మాకు పేరూ లేదు ఊరూ లేదు. సారు మీద కాదు నా కోపం. ఎవరి మీదో తెలియదు. తెలిసినది ఒక్కరి మీదే, ఆమె నా పక్కనే కూర్చుని కొంగుముడి విప్పుతోంది.

“రెండు బొరుగులు నోట్లో ఏసుకో అమ్మీ. పొద్దున్నుంచి ఏం తినల్యా.”

“నాకొద్దు.”

వద్దన్నానని ఆమె కూడా తినలేదు, మళ్ళీ ముడి వేసుకుంది. ఆ ముడి వేసుకునే చేతులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఆ చేతులే కదా ఆ రోజు వాకిలికి అడ్డం పెట్టింది. పక్షం రోజులుగా నా గొంతులో ఒక మాట పెట్టుకుని తిరుగుతున్నాను. సారు బయటికి వచ్చి తిప్పి పంపాడని చెప్పిన మరుక్షణం ఆమె మొహం మీద అనేస్తాను, నీ లచ్చిమి నీ కొడుకును మింగిందత్తా అని. ఇంతమంది ముందర అంటాను. కొడవలి నూరినట్టు నూరి పెట్టుకున్నాను ఆ మాటను. దేవుడా, ఆ మాట అనాల్సిన అవసరం రాకూడదు, ఆ కోపం నా కడుపులోనే కుళ్ళిపోనీ, ఆ పిల్లవాడి తండ్రి డబ్బు ఉంచుకోనీ, ఈమెకు జీవితాంతం చాకిరీ చేస్తాను, కాళ్ళు పడతాను.

గిరి పోయేటప్పుడు కూడా ఈమే బొరుగుల మూట కట్టింది. బోరు మీద బోరు వేసి, ఒక్కదాంట్లో తడి పుట్టక, చివరిదాంట్లో తెల్లటి దుమ్ము లేస్తుంటే ఆ దుమ్ములో నిలబడి నవ్వాడు గిరి, అంత కష్టంలోనూ వాడి నోరు ఊరుకోదు, ఏడ్చి చావాల్సిన చోట నవ్వుతాడు. ఇసుక తప్ప ఇంకేముంటుంది ఆ దేశంలో అని నేను ఏడిస్తే, “ఈడ ఏముండాదే చౌడీ, రాళ్ళు. ఆడ ఇసుకైతే కాళ్ళకు మెత్తగన్నా ఉంటాది” అన్నాడు. నన్ను చౌడీ అని పిలిచేది వాడొక్కడే. ఊరంతటికీ నేను చౌడేశ్వరిని. అక్కడ గదికి ఒక డ్రమ్ము నీళ్ళు పోస్తారట, పనినుంచి వచ్చినవాళ్ళు దాంట్లోనే స్నానం, దాంట్లోనే వంట. ఒక సాయంత్రం నీళ్ళ టాంకరు ఆలస్యమైంది. పక్క గది సూడాన్ పిల్లవాడు, మీసం కూడా సరిగా రాలేదట, గిరి బకెట్ పక్కకు నెట్టి తన బకెట్ పెట్టాడు. గిరి చేత్తో ఒక్క తోపు తోశాడు. పిల్లవాడు వెనక్కి పడ్డాడు, తల పోయి టాంకరు ఇనుప మెట్టుకు తగిలింది. అంతే. మళ్ళీ లేవలేదు. ఒక్క తోపు. మా ఊరి కొళాయి దగ్గర రోజుకు ఎన్ని తోపులు. నల్లమ్మ నన్ను తోస్తే గట్టు మీద పడి మోచేయి చీరుకుపోయింది, నేను లేచి ఆమె కొప్పు పట్టుకున్నాను, మర్నాడు ఇద్దరం అదే గట్టు మీద కూర్చుని ఆకువక్క వేసుకున్నాం. అది కూడా ఆ తోపే. ఆ రోజు నా తల కింద గట్టు రాయి అంగుళం ఇటు ఉంటే నల్లమ్మ ఇప్పుడు జైల్లో ఉండేది. నీళ్ళ కోసం తోసుకోవడం వాడికి మేమే నేర్పించి పంపాము, పాలతోపాటు తాగించి పంపాము, ఎడారిలో వాడికి అదొక్కటే గుర్తొచ్చింది.

లోపల సారు మాట్లాడుతున్నారు. తగిలింది ఫోన్. తల ఊపుతున్నారు. ఏ ఊపు అది? అవును అనే ఊపా, అట్లాగా అనే ఊపా? వెనక నుంచి చూస్తే రెండూ ఒకటే. పక్క కౌంటర్లో ఎవరో పింఛను ముసలాయన వేలిముద్ర వేసి సిరా వేలును గోడకు తుడుస్తున్నాడు, గోడ నిండా అవే మచ్చలు. ఆ పిల్లవాడి తండ్రి, ఆ సూడాన్ ముసలాయన కూడా వేలిముద్రేనేమో. మలయాళం సారు చెప్పాడు, ఆయన పాతికేళ్ళుగా అక్కడే గొర్రెలు కాస్తున్నాడట, కొడుకును తానే పిలిపించుకున్నాడట పనికి. పిలిపించుకుని మట్టిలో పెట్టాడు. అతన్ని తిట్టుకుందామని ఎన్నిసార్లు మొదలుపెట్టినా నోరు రాలేదు నాకు, మా నాయన కూడా గొర్రెలు కాసినవాడే, ఆ గొంగడి వాసన ఏ దేశంలోనైనా ఒకటే ఉంటుంది. మొదట ససేమిరా అన్నాడట. ప్రాణానికి ప్రాణమే అన్నాడట. మలయాళం సారు ఎన్నిసార్లు వెళ్ళి కూర్చున్నాడో, కడాకు ఒప్పుకున్నాడు. ఆదివారం కోర్టులో జడ్జి ముందు కూర్చుంటాను, అప్పటికి నా ఖాతాలో డబ్బు పడి ఉంటే క్షమించానని చెప్తాను, పడకపోతే నన్ను మళ్ళీ అడగొద్దు అన్నాడు. ఆ మాట మాకు తెలిసేసరికి ఇక వారమే ఉంది. మడి ఎర్రిస్వామికి ఇచ్చేశాము, హైవే పక్కనే గనక ప్లాట్లు వేసుకుంటాడు, మా కష్టం చూసి ధర తెగ్గోశాడు, తెగ్గోస్తే తెగ్గోశాడు, బేస్తవారం సాయంత్రానికి డబ్బు చేతిలో పెట్టాడు, వాడి పుణ్యమే అనుకున్నాను. గంగాధరప్ప సారు రేపు రెండు గంటల లోపల తీసుకురామ్మా, చాలు, చేరిపోతుంది అన్నారు. చేరిపోతుంది అన్నారు. ఆ మాట మీదే ఆ పూట అన్నం తిన్నాను.

శుక్రవారం. శ్రావణ శుక్రవారం. సంచి ఆమె దీపం ముందర పెట్టుకుంది, సరే పెట్టుకోనీ అనుకున్నాను. బస్సు టైమైందని సంచి చేతికి తీసుకున్నాను, వచ్చి వాకిట్లో నిలబడింది. రెండు చేతులూ ద్వారబంధానికి రెండు పక్కలా.

“యాడికి మే, సంచెత్తుకుని?”

“బ్యాంకుకత్తా. రెండు లోపల కట్టల్ల. సారు చెప్పినాడు.”

“ఈ పొద్దు ఏ వారమో తెలుసునా నీకు? ఉప్పడిగితేనే ఇయ్యం, మజ్జిగడిగితేనే ఇయ్యం. దీపం ముందర కూచున్న లచ్చిమిని ఎత్తుకుని గడప దాటుతావా? ఉన్న మడి పాయ. ఆయమ్మ కూడా అలిగి పోతే వాడు యా ఇంటికి వస్తాడు?”

“నీ కొడుకు కోసరమే కదత్తా పోయేది!”

“నా కొడుకు కోసరమే చెప్తాండా. ఒక్క దినం. రేపు పో. రేపు బ్యాంకు ఉండదా?”

ఉంటుంది. రేపు కూడా బ్యాంకు ఉంటుంది, అది నిజమే, మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది. ముసలామెను పక్కకు తోసి పోవాలా? ఒక తోపుకు మేము ఏం కడుతున్నామో చూస్తూ, మళ్ళీ నేనొక తోపు తోయాలా? గడప ఇవతల నిలబడి ఎంతసేపు అరిచానో. ఆమె ఏడ్చింది గానీ చేతులు తీయలేదు. బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. సంచి మళ్ళీ దీపం ముందరికి పోయింది, ఆమె దానికి కుంకుమ పెట్టింది, గోనెసంచికి కుంకుమ.

శనివారం తెరవకముందే వచ్చి ఈ మెట్ల మీద కూర్చున్నాను. “నిన్న రాలేదేమమ్మా” అన్నారు సారు, మొహం అదోలా పెట్టి. చెప్పాను. తప్పు పట్టలేదు, ఆయన ఇంట్లో కూడా ఒక అమ్మ ఉండే ఉంటుంది. “శనివారం డాలరు రేటు రాదమ్మా. దుడ్లు మీ ఖాతాలో వేసుకుంటాం గానీ, పంపేది సోమవారమే.” డాలరుకు కూడా వారాలుంటాయా సార్ అన్నాను, నాకు నిజంగా తెలియక. “ఉంటాయమ్మా. సౌదీవాళ్ళకు బేస్తవారం, శుక్రవారం సెలవు. అమెరికావాళ్ళకు శనివారం, ఆదివారం. మనకు ఆదివారం. నిన్న కట్టింటే మాపటికే అమెరికా దాటి ఈ పొద్దు రియాద్‌లో పడుతుండె.” అట్లా అన్నమాట. ఎవరి లక్ష్మికి వాళ్ళ గడప ఉంది, ఎవరి శుక్రవారం వాళ్ళకుంది. నేను పక్కా చేసుకున్నవన్నీ అక్షరాలే, బ్యాంకు ఏదో ఉంది, దేశం ఏదో ఉంది, ఊరు, వీధి అన్నీ ఉన్నాయి, ఆ పదకొండు అక్షరాల్లో వారానికి మాత్రం ఒక్క అక్షరం లేదు. అది ఎవరూ చెప్పలేదు నాకు. చెప్పినా ఆ వాకిట్లో ఆ చేతుల ముందు ఏం చేసేదాన్నో.

ఆదివారం సాయంత్రం ఊళ్ళో ఎస్టీడీ బూత్‌లో మలయాళం సారు ఫోన్. ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు తెలుగు. “చెల్లీ, పెద్దాయన పొద్దున నుంచి కోర్టులో కూర్చున్నాడు. టోపీ చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. నమాజ్ వరకు చూశాడు. డబ్బు రాలేదు, లేచిపోయాడు. పోయేటప్పుడు నన్ను ఒక మాట అడిగాడు. ఆ ఇంటివాళ్ళకు కొడుకు కంటే ఎక్కువ ఏముంది అని అడిగాడు. నేనేం చెప్పాలి చెల్లీ?” ఏం చెప్పమంటావు అన్నా. బ్యాంకు సెలవు అని చెప్పన్నా అన్నాను. ఎంత నీచంగా వినిపించిందో నా చెవులకే. కొడుకు చచ్చిపోయిన మనిషికి సెలవు కథ చెప్పమన్నాను. అయినా మలయాళం సారు వదల్లేదు, సోమవారం పంపండి, డబ్బు ఖాతాలో పడితే మళ్ళీ అడుగుతాను, ఆయన అవుననలేదు కాదనలేదు, డబ్బు ఉంచుకుంటే క్షమించినట్టే, తిప్పితే లేనట్టే అన్నాడు. పంపాము. చేరింది. చేరిందని కబురొచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు, ఒక వారమంతా ఏమీ లేదు. ఉంచుకోవాలా వద్దా అని ఆ ముసలాయన గొర్రెల వెనక నడుస్తూ ఆలోచిస్తున్నాడు కాబోలు, ఆలోచించనీ, ఎంత ఆలోచిస్తే అంత మంచిది, కోపం ఆలోచిస్తే తగ్గుతుందంటారు. ఒక్కోసారి నేనే ఆయన్నై ఆలోచిస్తాను. నా కొడుకు పోయాడు. ఆ డబ్బుతో నేనేం చేసుకోను? గొర్రెలు కొననా? అయినా ఇంకొక తల్లి ఉంది కదా అక్కడ, ఇంకొకడి పెళ్ళాం ఉంది కదా. ఉంచుకో నాయనా. ఆ మాట అందుకునే కోడ్ ఏదైనా ఉంటే ఎన్ని అక్షరాలైనా కంఠస్థం చేస్తాను.

సారు ఫోన్ పెట్టేశారు. పెట్టేసి లేవలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు. తుడిచింది చాలు, బయటికి రా సామీ. వద్దు, రావద్దు, అక్కడే ఉండు, నువ్వు ఆ గదిలో ఉన్నంతసేపు గిరి ఉన్నాడు. మా అత్త నా మోచేయి పట్టుకుంది, పాత గాయం మీదే పట్టుకుంది, “వస్తాండాడు అమ్మీ, సారు వస్తాండాడు” అంది. తలుపు తెరుచుకుంది.

“అమ్మా...” అని ఆగారు. “కోడ్ సరిగ్గానే ఉండాది. అక్షరం తప్పు లేదు. దుడ్లు ఆయన ఖాతాలోనే పడినాయి.” కళ్ళజోడు పెట్టుకున్నారు. “ఆయన వద్దన్నాడంట. తిప్పి పంపించినాడు. పొద్దున మన దాంట్లోకి వచ్చినాయి.”

నేను లేవలేదు. నా పక్కన మా అత్త లేచి నిలబడింది.

“వచ్చినాయా? దుడ్లు వచ్చినాయంట కదమ్మీ? శుక్రవారం పొద్దు వచ్చింది లచ్చిమి. మంచిదే కదా? మంచిదే కదా సామీ?”

సారు నేల చూశారు. ఆమె మొహం నా వైపు తిరిగింది. వానొస్తుందని చెప్పినప్పుడు మా ఊళ్ళో ముసలివాళ్ళకు వచ్చే వెలుగు ఉంది ఆ మొహంలో. డబ్బు రావడం అంటే ఆమె బతుకులో ఎప్పుడూ మంచే, ఇంకోలా ఎట్లా ఉంటుందో ఆమెకు ఎవరు చెప్పారు గనక. నూరి పెట్టుకున్న మాట నాలుక మీదే ఉంది. నోరు తెరిచాను. ఆ మాట రాలేదు.

“రాడత్తా” అన్నాను. “ఆ ముసలాయన దుడ్లు వద్దన్నాడు. గిరి ఇంక రాడు.”

వేలిముద్ర ముసలాయన మమ్మల్నే చూస్తున్నాడు. కౌంటర్లో అమ్మాయి స్టాంపు వేయడం ఆపింది. మా అత్త అరుస్తుందనుకున్నాను, గుండెలు బాదుకుంటుందనుకున్నాను, పట్టుకోవడానికి లేచాను కూడా. ఆమె కొంగుముడి పట్టుకుని నన్ను చూస్తూనే ఉంది, లోపల ఏదో ఒక్కొక్కటే చేర్చుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. సారు మెల్లగా, అడగక తప్పక అడిగారు, దుడ్లు ఖాతాలోనే ఉంచేదా అమ్మా, ఈ పొద్దు తీసుకుపోతారా అని.

నేను నోరు తెరిచేలోపల ఆమే చెప్పింది.

“ఈ పొద్దు శుక్రవారం” అంది. తర్వాత నా వైపు తిరిగి, “ఆ లచ్చిమిని నా గడప తొక్కనీయాకు మే” అంది.